తూర్పు గోడ అవతల

సోమవారం పొద్దున కరుణమ్మ పనికి రానంది.

"ఒంట్లో బాగాలేదు. నువ్వెళ్ళు" అని, చద్దన్నం గిన్నెకు గుడ్డ కట్టి సుందరయ్య చేతిలో పెట్టింది. పెట్టిందే గాని మొగుడి మొహంలోకి చూడలేదు. సుందరయ్య కూడా ఏమైందని అడగలేదు. నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే జ్వరం లేదని తేలిపోతుంది. అప్పుడు ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకోవాల్సి వస్తుంది. తాపీ, తూకంగుండు, దారపుండ ఉన్న గోతాం సంచి భుజాన తగిలించుకుని అతను కాలవగట్టు ఎక్కాడు.

మిషనుపాలెం గుడి ఆ గట్టు మీది నుంచే కనిపిస్తుంది. రేపల్లె నుంచి వచ్చే బస్సులో వాళ్ళకి ఊరి కంటే ముందు కనిపించేది దాని గంట గోపురమే. దొరల కాలంలో గానుగ సున్నంతో, మూరెడు పైన మందాన గోడలు పెట్టి కట్టిన గుడి అది. నిరుడు ఎండాకాలంలో వచ్చిన గాలివాన పైకప్పు పెంకులన్నీ ఊడబెరికి పొలాల్లో పారేసింది. దూలాలు రెండు విరిగి బలిపీఠం మీద పడ్డాయి. అప్పటి నుంచి ఆరాధన తాటాకుల పందిరి కిందే.

ఎలాగూ బాగుచేయిస్తున్నాం గదా, ఇంకాస్త పెద్దది చేద్దామన్నారు సంఘ పెద్దలు. తెనాలి నుంచి ఓవర్సీయరు వచ్చి ప్లాను గీశాడు. పాత కిటికీల కమానులు, గంట గోపురం చెక్కు చెదరకుండా ఉంచి సున్నం కొట్టాలి. పైన సిమెంటు శ్లాబు, కింద మొజాయిక్ గచ్చు, ట్యూబులైట్లు, ఫ్యాన్లు, మైకు రావాలి. తూర్పు గోడ మాత్రం తీసేసి బలిపీఠాన్ని నాలుగు గజాలు వెనక్కి జరపాలి. ఆ గోడ అవతల చెంచురామయ్య గారి మినపచేను. గుడి కోసం ఆయన ఆ చేను చివర ఒక పట్టె రాసిచ్చాడు.

వారం నుంచి సుందరయ్య ఆ గోడ విప్పుతున్నాడు. పడగొట్టడం కాదు, విప్పడమే. ఒక్కొక్క ఇటుకా ఊడదీసి కిందికి అందిస్తే, కరుణమ్మ దాని ఒంటికి పట్టిన పాత సున్నం గీకి వరసగా పేర్చేది. ఇక కొత్త పునాది తియ్యాలి. ప్లాను ప్రకారం దారం కడితే ఈశాన్యపు మూలలో అది ఎక్కణ్ణుంచి పోతుందో శనివారం సాయంత్రమే చూశాడతను. కరుణమ్మా చూసింది. చూసి, చీపురు తీసుకుని అటు ఊడ్చడానికి పోయింది.

పునాది తవ్వే కూలీలు ఇద్దరూ దక్షిణం వైపు నుంచి మొదలుపెట్టారు. నల్లరేగడి పైన పొరలు పొరలుగా లేచి, లోపల తడిగా జిగటగా ఉంది. సుందరయ్య గోడ మీద కూర్చుని పాత కిటికీ కమానులో కదిలిన ఇటుకలు బిగిస్తున్నట్టే ఉన్నాడు గాని, చెవులు మాత్రం గడ్డపార చప్పుడు మీదే ఉన్నాయి.

పొద్దు బారెడెక్కేసరికి చేని గట్టు మీద గొడుగేసుకుని చెంచురామయ్య వచ్చాడు. పెద్ద రైతు, డెబ్బై దాటిన మనిషి. దారం ఎక్కడిదాకా కట్టారో ఒకసారి చూసి, సుందరయ్య వైపు తిరిగాడు.

"ఆ మూల దాకా పోద్దంట్రా?"

"పోద్దండి బాబుగారూ."

"మీ కమిటీ వాళ్ళతో చెప్పావా?"

"లేదండి."

"రాసిచ్చేప్పుడు నేనే చెబుదామనుకున్నా. నీ గుట్టు నేనెందుకు బయటపెట్టాలని ఊరుకున్నా." ఆయన గొడుగు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చాడు. "ఇన్నేళ్ళూ ఆ మూలకి నాగలి పోనియ్యలేదు. పాలేళ్ళు అడిగితే, కింద బండ ఉందిరా, కర్రు విరుగుద్ది అనేవాణ్ణి."

సుందరయ్య దిగి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. ఈ మనిషి ఆ మూల దున్నించడం లేదని అతను ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాడు. మరిచిపోయాడేమో, గడ్డి కోసం వదిలేశాడేమో అని అనుకుంటూ వచ్చాడు. చెంచురామయ్య అతను ఏదో అంటాడని చూడలేదు. మినుము కాయ ఒకటి తెంపి నలిపి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

భోజనాల వేళకు కొంచెం ముందు గడ్డపార ఖంగుమంది.

"మేస్త్రీ, ఇక్కడేదో కట్టుబడి ఉందే!"

సుందరయ్య పరుగెత్తలేదు. తాపీ కింద పెట్టి, పంచె ఎగగట్టి, కాలవలాగా తవ్విన పునాదిలోకి దిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో మట్టి పక్కకు నెట్టాడు. నాలుగు ఇటుకలు. పరుపుగా పక్కపక్కన పరిచి, సందుల్లో సున్నం పెట్టి, ఆ సున్నాన్ని బొటనవేలితో నున్నగా దిద్దినవి. వేలి గాడి ఇంకా పోలేదు. దాని మీద తన బొటనవేలు ఆనించాడు. అప్పటికంటే ఇప్పుడు వేలు లావెక్కింది.

"ఇక్కడ ఆపండి" అన్నాడు పైకి చూడకుండా. "పొండి, అన్నాలు తిని పడమటివైపు పెళ్ళలు ఎత్తండి."

సంఘ కార్యదర్శి ఆరోగ్యదాసు మాస్టారు సాయంత్రం బడి వదిలి అటు వచ్చేసరికి పునాది సగంలో ఆగి ఉంది. "ఏంటి మేస్త్రీ, దారం కట్టి వదిలేశారు? క్రిస్మస్‌కి ప్రతిష్ఠ. బిషప్పుగారు డేటు కూడా ఇచ్చారు" అన్నాడు.

"అయ్యగారితో మాట్లాడాలి మాస్టారూ. మీరూ రండి."

"దేన్ని గురించి?"

"పాత సంగతే. సగం మీకు తెలిసిందే" అన్నాడు సుందరయ్య.

*

పాదిరి కృపారావు వయసులో చిన్నవాడు. బాపట్ల నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్ళు కాలేదు. పాలెంలో అందరూ పిలిచినట్టే సుందరయ్యా తనకంటే చిన్నవాడైన ఆయన్ను అయ్యగారనే పిలుస్తాడు. వరండాలో బల్ల చూపించి కూర్చోమంటే, సుందరయ్య స్తంభానికి ఆనుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఆరోగ్యదాసు కుర్చీలో కూర్చున్నాడు.

"మా పిల్ల ఉందండి అక్కడ" అన్నాడు సుందరయ్య. "పునాది పోయే చోట."

కృపారావుకు అర్థం కాలేదు. సుందరయ్య తల వంచుకుని, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. "ఇరవై ఏళ్ళ కిందటి మాట. పురిట్లో పిల్లండి. పుట్టిన మూడో రోజుకి ఊపిరాడక ఎగబీల్చడం మొదలెట్టింది. నేను డాక్టరు కోసం రేపల్లె పరిగెత్తా. ఆయన్ని తీసుకొచ్చేలోగా పోయింది. పాత అయ్యగారు అప్పుడు గుంటూరు మీటింగులకెళ్ళారు. మర్నాడు వచ్చారు. బాప్తిస్మం లేని పిల్లని సమాధుల దొడ్లో పెట్టడానికి లేదన్నారు. ఈ మెట్ల మీదే కూర్చుని అడిగానండి. లేదన్నారు. ఎక్కడ పెట్టాలో తెలియలా. చెంచురామయ్య బాబు తన చేని మూల చూపించాడు. గుడి గోడకి దగ్గరగా ఉంటదని ఆనించి పెట్టా. అంతేనండి."

కృపారావు, వైద్యుడు రోగం పూర్వాపరాలు అడిగినట్టు, "అయితే మీలో ఎవరూ ఇవ్వలేదా?" అన్నాడు.

"ఏంటండి?"

"బాప్తిస్మం."

ఆయన తనతో ఎకసెక్కం ఆడుతున్నాడేమోనని సుందరయ్య తలెత్తి చూశాడు. "మేమెట్టా ఇస్తామండి?"

"ఆపదలో ఎవరైనా ఇవ్వొచ్చు సుందరయ్యా. పాదిరే ఉండాలని లేదు. నీళ్ళు పోసి, తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములో అంటే చాలు. అది నిజమైన బాప్తిస్మమే. ఆరాధన పుస్తకంలో చివర్న..."

అక్కడ సుందరయ్య మొహం చూసి ఆగిపోయాడు.

సుందరయ్య ఆయన్ను చూడటం లేదు. ఆరోగ్యదాసును చూస్తున్నాడు. ఆరోగ్యదాసు తన చెప్పు వారు సరిచేసుకుంటున్నాడు, అది సరిగ్గానే ఉన్నా.

"మాస్టారూ, మేం గుళ్ళో కలిసేప్పుడు మాకు పాఠాలు చెప్పింది మీరే గదండి."

"నేనే."

"ఈ సంగతి మీకు తెలుసా?"

ఆరోగ్యదాసు అబద్ధమాడే మనిషి కాదు. "తెలుసు" అన్నాడు. "ఆ పేజీ మాత్రం చెప్పొద్దనేవారు పాత అయ్యగారు. అందరికీ చెబితే ఇక పాదిరెందుకు అనేవారు. పైగా ఆ రోజుల్లో నువ్వు కొల్లూరు శివాలయం ప్రహరీ పనికి పోతున్నావని ఆయనకు నీ మీద కోపంగా ఉంది." కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అయినా నువ్వు ఇక్కడికొచ్చి అడిగేసరికే పిల్ల పోయింది గదా సుందరయ్యా. అప్పుడు నేను చెబితే మాత్రం ఏం లాభం?"

అది నిజమే. ఎక్కడో తేడా ఉందని తెలుస్తున్నా, ఇదీ అని వేలు పెట్టి చూపించలేని నిజం. సుందరయ్య ఒళ్ళో చేతులు పెట్టుకుని, గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న నల్లమట్టి చూసుకున్నాడు.

"సమాధుల దొడ్డికి మారుద్దాం" అన్నాడు కృపారావు మెల్లగా. "నేనే ప్రార్థన చేస్తాను. సిలువ పెడదాం. సంఘమంతా వస్తారు."

ఒకప్పుడు ఈ మెట్ల మీద ఏడ్చి అడిగినా దొరకనిది, ఇవాళ అడగకుండానే చేతిలో పెడుతున్నారు. పుచ్చుకోవడానికి చెయ్యి రాలేదు.

"మా ఆడమనిషిని అడగాలండి" అని లేచాడు.

ఇంటికి పోయే దారంతా ఆ రోజే కళ్ళ ముందు ఆడింది. రేపల్లె పరిగెత్తబోయే ముందు గుమ్మంలో ముంత ఎత్తి గటగటా నీళ్ళు తాగాడు. సగం తాగి కింద పెట్టి పరిగెత్తాడు. పిల్ల జానెడు దూరంలో ఉంది. దోసెడు నీళ్ళు. మూడు పేర్లు. ఆదివారం ఆదివారం పాడుతూనే ఉన్న మూడు పేర్లు.

కరుణమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ ఉంది. చేట ఆపకుండానే, "వచ్చిందా?" అంది.

"వచ్చింది. ఇటుకలు కదల్లేదు."

చేట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఆడింది. అయ్యగారు చెప్పిన మాట అతను చెప్పలేదు. ఇప్పుడు తెలిసి ఏం చేసుకుంటుంది, నేను మోస్తే చాలదా అనుకున్నాడు.

*

మంగళవారం కరుణమ్మ పనికొచ్చింది. ఈశాన్యపు మూల వైపు పోకుండా, దానికి వీపు పెట్టి కూర్చుని పాత ఇటుకలు గీకుతూ ఉంది. సుందరయ్య ఆ పక్కనే గంట గోపురానికి నిచ్చెన వేసుకుని, పాకుడు పట్టిన చోట పాత పూత చెక్కుతున్నాడు. ఆరోగ్యదాసు పందిరి కింద ప్లాను కాగితం పరుచుకుని నిలబడ్డాడు. బడికి పోయే లోపు ఒకసారి వచ్చి చూడటం ఆయన అలవాటు. ఆ రోజు చూపు మాత్రం కాగితం మీద లేదు.

కృపారావు నేరుగా కరుణమ్మ దగ్గరికే వచ్చాడు. ఆమె ఇటుక పట్టుకునే లేచి, పైట తల మీదికి లాక్కుంది.

"సుందరయ్య చెప్పాడమ్మా" అన్నాడాయన. "మీకు చాలా అన్యాయం జరిగింది. అప్పుడే మీకెవరైనా ఆ సంగతి చెప్పి ఉంటే..."

"ఏ సంగతండి?"

కృపారావు గోపురం వైపు చూశాడు. సుందరయ్య తల అడ్డంగా ఊపాడు గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. సగం బయటికొచ్చిన మాట మింగడానికి లేదు. ఆయన చెప్పాడు. ఈసారి జాగ్రత్తగా, గాయం కట్టు విప్పినట్టు చెప్పాడు.

కరుణమ్మ చేతిలో ఇటుకనే చూస్తూ విన్నది. ఆయన ముగించాక కూడా అలాగే చూస్తూ ఉంది.

"ఎవరైనానా అండి?"

"ఎవరైనా."

"ఆడమనిషైనా?"

"ఆడమనిషైనా చెల్లుతుందమ్మా."

"పురిటి మైలలో ఉన్నా?"

ఆమె ఊరికే అడగడం లేదని కృపారావుకు అప్పుడు తట్టింది. "ఉన్నా" అన్నాడు. "దేవుడి దగ్గర మైల లేదు."

"ఎంగిలి ముంతలో నీళ్ళయితే?"

"నీళ్ళయితే చాలు."

"మాటలు వరసన రాకపోతే? ముందు పరిశుద్ధాత్మ అని, తర్వాత తండ్రి అంటే?"

"చెల్లుద్దమ్మా" అన్నాడాయన, ఆమె యాసలోనే.

కరుణమ్మ ఇటుకల కుప్ప మీద కూలబడింది. "అయితే నేను పోశానయ్యగారూ" అంది.

సుందరయ్య చేతిలో ఉలి జారి ఎక్కడో కింద చప్పుడైంది. ఏమీ వినపడనట్టు ఆమె చెప్పుకుపోయింది.

"ఈయన రేపల్లె పోయాడు. పాలు తాగిద్దేమోనని రొమ్ము పెట్టా, తాగలా. కళ్ళు తేలేసింది. మీరు గుళ్ళో ఎట్టా పోస్తారో చూశాగా. ఈయన తాగ్గా ముంతలో మిగిలిన నీళ్ళు దోసిట్లో పోసుకుని, దాని నెత్తిన పోశా. కాసేపటికే పోయింది. నేను పోసిన నీళ్ళకే పోయిందనుకున్నా. చెయ్యగూడని పని చేశా, దేవుడికి కోపమొచ్చిందనుకున్నా. సమాధుల దొడ్లోకి వద్దన్నప్పుడు కూడా, నా మూలానే గదా అని నోరు మూసుకున్నా. మళ్ళీ కడుపు పండలా. అదీ అందుకే అనుకున్నా."

సుందరయ్య నిచ్చెన దిగి వచ్చాడు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "నాతో ఒక్క మాట అనలేకపోయావటే?" అన్నాడు. కోపంగా అనలేదు.

"అంటే నువ్వెళ్ళి అయ్యగారికి చెబుతావు. ఆయన నన్ను వెలేస్తాడు. నిన్నూ వెలేస్తాడు. అప్పటికే నీ మీద గుర్రుగా ఉన్నాడాయె."

పందిరి కింద కాగితం మడిచిన చప్పుడైంది. ఆరోగ్యదాసు దాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. బడి గంట కొట్టారు. ఆయన కదల్లేదు.

"ఆ బిడ్డ సంఘంలోదే" అన్నాడు కృపారావు. "బయట పెట్టింది మేమే. ఆదివారం గుళ్ళో అందరిముందూ చెబుతాను. గంట కొట్టించి, పాటలతో సమాధుల దొడ్డికి తీసుకుపోదాం."

కరుణమ్మ చేతిలోని ఇటుక కుప్ప మీద పెట్టింది. "వద్దయ్యగారూ" అంది. "ఏం తీసుకుపోతారు? ఎముకలు కూడా ఉండవు. రేగడి అన్నీ తినేసిద్ది. చెంచురామయ్య బాబు నాగలి కూడా తగలనియ్యలేదు దాన్ని. ఇప్పుడు మనం గడ్డపార వేస్తామా?"

"మరి గోడ దాని మీదుగానే పోవాలి గదమ్మా. అంత బరువు..."

"గోడ దాని మీద ఆనదండి" అన్నాడు సుందరయ్య. "నేను చూసుకుంటా."

*

బుధవారం అతను కూలీలను ఆ మూలకు రానియ్యలేదు. తనే పునాదిలోకి దిగి, నాలుగు ఇటుకల చుట్టూ రెండు పక్కలా లోతు తీశాడు. వాటి మీద మట్టి ముద్దలు ముద్దలుగా వేసి, నీళ్ళు చల్లి, అరిచేత్తో నిమిరి గుమ్మటంలాగా చేశాడు. దాని మీద ఇటుకలతో కమాను తిప్పితే, పైన గోడ ఎంత లేచినా బరువంతా రెండు పక్కలకూ దిగిపోతుంది. నడుమ ఏదీ నలగదు. దొరల నాటి మేస్త్రీలు కిటికీల నెత్తిన చేసిందదే. సోమవారం వాటిని బాగుచేస్తూ అతను చూసిందీ అదే.

సిమెంటు బస్తాలు పందిరి కింద ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. గుల్ల సున్నం నానబెట్టి, ఇసక కలిపి, బెల్లం నీళ్ళు పోసి కరుణమ్మ రోట్లో రుబ్బింది. పైట నడుముకు చుట్టి, పొత్రం రెండు చేతులా తిప్పుతుంటే ఆమె ముంజేతుల మీద తెల్లటి చారలు కట్టాయి. సున్నం వెన్నలాగా జారే దాకా రుబ్బి, తట్టలో ఎత్తి అందించింది.

"ఇటుక" అని అతను అనక్కర్లేకుండానే అందిస్తూ ఉంది. అన్నీ తూర్పు గోడలోంచి విప్పినవే. అతను ఒక్కో ఇటుక అంచు చెక్కి, వాలు చూసి, సున్నం పూసి, తాపీ పిడితో రెండుసార్లు తట్టి కూర్చోబెట్టాడు. ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి. పాతికేళ్ళుగా కలిసి పనిచేస్తున్న చేతులు. ఒకరి చెయ్యి ఎప్పుడు చాస్తుందో రెండోదానికి తెలుసు. ఒకసారి మాత్రం అతను ఇటుక అందుకోబోయి ఆమె మణికట్టు పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆమె కూడా లాక్కోలేదు.

నడినెత్తిన ఒక్క ఇటుక పట్టేంత సందు మిగిలినప్పుడు పని ఆపి, అయ్యగారికి కబురు పంపాడు.

కృపారావు నిలువుటంగీ వేసుకుని, పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఆయన వెనక ఆరోగ్యదాసు. పునాది గట్టు దగ్గర చెప్పులు విడిచి, కొంచెం ఎడంగా నిలబడ్డాడు. కూలీలిద్దరూ తలగుడ్డలు తీశారు. చేని గట్టు మీద చెంచురామయ్య కూడా ఉన్నాడు. గుడి స్థలంలోకి రాలేదు గాని గొడుగు మాత్రం ముడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఒక కీర్తన పాడారు. కృపారావు గొంతు బాగుంటుంది. ఆరోగ్యదాసు పెదవులు కదిలించాడే గాని పాట పైకి రాలేదు.

పుస్తకం తెరిచి, కృపారావు అడిగాడు. "బిడ్డ పేరేంటి?"

"పేరు పెట్టలేదండి" అన్నాడు సుందరయ్య. "పెట్టేలోగానే..."

"పెట్టా" అంది కరుణమ్మ. "పేరు చెప్పకుండా నీళ్ళెట్టా పోస్తారు?"

అతను ఆమె వైపు తిరిగాడు. ఆఖరి ఇటుక అతని చేతిలోనే ఉంది.

"నాగమ్మ" అంది.

అది సుందరయ్య తల్లి పేరు. ఆమె చచ్చిపోయేదాకా బొట్టు తీయలేదు. కొడుకు ఈ గుళ్ళో కలిశాక కూడా గడప తొక్కలేదు. వాకిట్లో నిలబడి గంట విని వెళ్ళిపోయేది. అటువంటి పేరు పెడతామంటే పాత అయ్యగారు ఒప్పుకునేవాడు కాదు. మార్తా, మరియా అని ఏదో ఒకటి మార్చేవాడు. కృపారావు తడుముకోలేదు. "నాగమ్మ అనే ఈ నీ కుమార్తెను, ప్రభువా" అని చదివాడు. చివర్న అందరూ ఆమెన్ అన్నారు. చేని గట్టు మీద చెంచురామయ్య రెండు చేతులూ జోడించాడు.

సుందరయ్య వంగి ఆఖరి ఇటుక సందులో పెట్టాడు. తాపీ పిడితో తట్టాడు. అది కొంచెం దిగి, రెండు పక్కలా బిగిసింది. పైకి వచ్చిన సున్నాన్ని బొటనవేలితో తుడిచాడు.

కూలీలు ఇసక ఎత్తి పోశారు. కమాను వీపు కనపడినంతసేపు కనపడి, తర్వాత కనపడలేదు. అయ్యగారు కరుణమ్మ తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు. ఆరోగ్యదాసు ఆమెకు ఎదురుగా రెండడుగులు వేశాడు. నోరు తెరిచాడు. "ఎండగా ఉంది, నీడకి పోయి కూర్చోండమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెను అండి అనడం అదే మొదలు. చెప్పులు వేసుకోవడం మరిచి, వాటిని చేత్తో పట్టుకుని నడిచిపోయాడు.

ఇద్దరే మిగిలారు. సుందరయ్య పనిముట్లు కడిగి సంచిలో వేసుకున్నాడు. కరుణమ్మ ఇసక కుప్ప మీద కూర్చుని, చేతులకు పట్టిన సున్నం గోటితో గీక్కుంటూ ఉంది.

"పోదామా?" అన్నాడు.

ఆమె లేవలేదు.

"ఇన్నాళ్ళూ నా తప్పుకే పోయిందనుకున్నా" అంది. "అట్టా అనుకుంటే ఒక లెక్కకొచ్చేది. నా మీద కోపమొచ్చి దాన్ని తీసుకుపోయాడులే అని ఊరుకునేదాన్ని. ఏడుపొస్తే, చేసుకున్నదాన్ని నాకేడుపేంటని మింగేదాన్ని. ఇప్పుడు తప్పే లేదంటన్నారు. నేను చేసింది మంచి పనేనంటన్నారు." తలెత్తి అతన్ని చూసింది. "మరి నా పిల్ల ఎందుకు పోయిందయ్యా?"

సుందరయ్య సంచి దించి, వచ్చి ఆమె పక్కన ఇసకలో కూర్చున్నాడు.

అప్పుడు కరుణమ్మ ఏడ్చింది. నెత్తి కొట్టుకుంటూ, "నా తల్లీ, నా నాగమ్మా" అంటూ గొంతెత్తి ఏడ్చింది. పిల్ల పోయిన రోజున మైల గదిలో గుడ్డ నోట్లో కుక్కుకున్న మనిషి. ఆ శోకం కప్పులేని గుడిగోడలకు తగిలి కాలవ దాకా వినిపించింది. సుందరయ్య ఆమెను ఊరుకోమనలేదు. అతని కళ్ళ నీళ్ళు కూడా సున్నం పట్టిన గడ్డం మీదుగా కారుతున్నాయి. తుడుచుకోలేదు.

కాలవగట్టు మీద వరిగడ్డి బండి పోతూ పోతూ ఆగింది. బండితను ఈ ఊరివాడు కాదు. లంకల వైపు నుంచి వస్తున్నట్టున్నాడు. ఎడ్ల పగ్గాలు బిగబట్టి, గోడలు లేచి కప్పులేని ఆ గుడి వైపు, దాని తూర్పున ఇసకలో కూర్చున్న ఇద్దరి వైపు చూశాడు.

"ఏమైందయ్యా?" అని కేకేశాడు. "ఎవరు పోయారు?"

"మా అమ్మాయండి" అన్నాడు సుందరయ్య. "నాగమ్మని."

బండితను గబగబా కిందికి దిగాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, ఏడుపు సద్దుమణిగే దాకా, ఎడ్ల పక్కనే నిలబడ్డాడు.